థైరాట్రాన్ పోయి థైరిస్టర్ వచ్చిన లేత్: ఒక కేస్ స్టడీ

ఈ లేత్ నా చేతికి వచ్చేటప్పటికి దాని వయసు అరవై ఏళ్ళు దాటింది. 1950ల నాటి టూల్‌రూమ్ లేత్. బెడ్ మీద చేత్తో చేసిన స్క్రేపింగ్ మచ్చలు ఇంకా కనిపిస్తున్నాయి. స్పిండిల్‌కి డయల్ ఆనించి తిప్పితే ముల్లు రెండు మైక్రాన్లకు మించి కదల్లేదు. మెకానికల్‌గా వంక పెట్టడానికి ఏమీ లేదు. జబ్బంతా వెనకున్న ఎలక్ట్రికల్ క్యాబినెట్‌లోనే.

ఆన్ చేశాక మోటారుకి కరెంటు పంపే గాజు ట్యూబులు, అంటే థైరాట్రాన్లు, వేడెక్కడానికి కాసేపు ఆగాలి. అది దాని పద్ధతి, అందులో తప్పేం లేదు. కానీ ఆ తర్వాత కూడా స్పీడు నిలవడం లేదు. నిమిషానికి 400 చుట్ల దగ్గర పెడితే 380కీ 430కీ మధ్య ఊగుతోంది. టూల్ లోతుగా దిగితే పడిపోతోంది, వెనక్కి తీస్తే ఎగిరిపడుతోంది. అప్పుడప్పుడు మోటారు గొంతు మారి బొంగురుగా మూలుగుతోంది. రెండు పెద్ద ట్యూబుల్లో ఒకటి మండటం మానేసి, రెండోదే మొత్తం బరువు మోస్తున్నప్పుడు వచ్చే చప్పుడు అది. ట్యూబులు మార్చి చూశారు. వాడినవే దొరికాయి, కొన్ని నెలలకే అవీ అదే దారి పట్టాయి.

యజమాని నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "ఈ మోటారు కూడా పీకేసి, ఏసీ మోటారు, వీఎఫ్‌డీ పెట్టేద్దామా సార్?" వీఎఫ్‌డీ అంటే ఫ్రీక్వెన్సీ మార్చి ఏసీ మోటారు స్పీడుని మార్చే పెట్టె. చాలామంది అదే చేస్తారు, తప్పని అనను. కానీ ఈ మోటారు నేమ్‌ప్లేట్ ఒకసారి చూడండి: 3 హెచ్‌పీ, ఆర్మేచర్ 230 వోల్టులు, 11.5 ఆంపియర్లు, ఫీల్డ్ 115 వోల్టులు, స్పీడు 1150/3000. ఆర్మేచర్ అంటే లోపల తిరిగే చుట్ట, ఫీల్డ్ అంటే దాని చుట్టూ అయస్కాంత బలం పుట్టించే కదలని చుట్ట. 1150 దగ్గర ఇది సుమారు 18.5 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది, అక్కడి నుంచి కిందికి ఎంత తగ్గించినా అదే టార్క్ ఇస్తుంది. అదే 3 హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం ఏసీ మోటారు టార్క్ 15 లోపే. పైన 1150 నుంచి 3000 దాకా ఈ డీసీ మోటారు పూర్తి 3 హెచ్‌పీ నిలబెడుతుంది. ఏసీతో ఇదంతా రావాలంటే పెద్ద మోటారు కావాలి, దానికి కొత్త మౌంటింగ్ కావాలి, పాత మోటారుకి అతికి ఉన్న బ్యాక్ గేర్‌ని ఏం చేయాలో తేల్చుకోవాలి. మోటారు ఆరోగ్యంగా ఉంటే దాన్ని ఉంచి, దానికి కరెంటు పెట్టే పెట్టెని మార్చడమే మేలని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు.

పాత పెట్టెలో ఏముంది

డీసీ మోటారు స్పీడుని వోల్టేజీతో నడిపించే పద్ధతికి హ్యారీ వార్డ్ లియోనార్డ్ 1891లో పేటెంట్ తీసుకున్నాడు. ఒక ఏసీ మోటారు జనరేటర్‌ని తిప్పుతుంది, ఆ జనరేటర్ ఫీల్డ్‌ని కొంచెం అటూ ఇటూ చేస్తే లేత్ మోటారుకి వెళ్ళే వోల్టేజీ మారుతుంది. మంచి లేత్‌లలో దశాబ్దాల పాటు ఇదే నడిచింది. తర్వాత ఆ తిరిగే యంత్రాల బదులు థైరాట్రాన్లు వచ్చాయి. అవి గ్యాస్ నింపిన ట్యూబులు. గ్రిడ్‌కి సరైన క్షణంలో సంకేతం ఇస్తే మండుతాయి, ఏసీ సున్నా దాటగానే ఆరిపోతాయి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, సిడ్నీ ఊళ్ళో తయారైన మోనార్క్ 10ఈఈ లేత్‌లలో ఈ రెండు తరాలూ కనిపిస్తాయి. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఎస్‌సీఆర్, అంటే థైరిస్టర్, పుట్టింది. థైరాట్రాన్ చేసే పనే గాజు, ఫిలమెంట్, వార్మప్ ఏమీ లేకుండా ఒక సిలికాన్ ముక్క చేయడం మొదలుపెట్టింది. అందుకే దాని పేరులో కూడా పాత ట్యూబు పేరు సగం ఉండిపోయింది.

ఈ పోలిక చూసి మోసపోవడం తేలిక. ట్యూబు తీసి థైరిస్టర్ పెడితే పని అయిపోతుందనిపిస్తుంది. పాత క్యాబినెట్ మాత్రం ఏసీని డీసీగా మార్చి ఊరుకోలేదు. ఫీల్డ్ కరెంటు పోతే మోటారుని ఆపేది. ఆపమన్నప్పుడు ఆర్మేచర్‌ని రెసిస్టర్ మీదకు మళ్ళించి బ్రేక్ వేసేది. మోటారు పూర్తిగా ఆగేదాకా దిక్కు మార్చే పెద్ద స్విచ్చుని, అంటే రివర్స్ కాంటాక్టర్‌ని, పడనిచ్చేది కాదు. హెడ్‌స్టాక్ మీద ఉన్న ఒక్క నాబ్ తిప్పితే ముందు ఆర్మేచర్ వోల్టేజీ పెరిగేది, అది నిండాక అదే నాబ్ ఫీల్డ్‌ని బలహీనం చేసి స్పీడుని ఇంకా పైకి తీసుకెళ్ళేది. ఇవన్నీ ఒక మూల రిలే, ఒక మూల రియోస్టాట్, ఒక మూల బరువైన ఇనప చోక్ రూపంలో దాక్కుని ఉంటాయి. వైర్లు కోయకముందే డయాగ్రాం గీసి, ప్రతి వస్తువు పక్కన అది చేసే పని రాయాలి. నేను రాశాను. రెండు పనులు మాత్రం రాయలేదు. ఈ కేసులో పోయిన టైమంతా ఆ రెండింటి దగ్గరే పోయింది.

విప్పేటప్పుడు ఒక హెచ్చరిక. ఆ కాలం క్యాబినెట్లలో వేడి రెసిస్టర్లకు వెళ్ళే వైర్ల మీద తెల్లటి పీచు కనిపిస్తే అది ఆస్బెస్టాస్ అనుకునే పని చేయాలి: తడిపి, మాస్క్ పెట్టుకుని, సంచిలో కట్టి విడిగా పెట్టాలి. నూనె నింపిన పాత కెపాసిటర్లలో పీసీబీ అనే విష రసాయనం ఉండొచ్చు, కారుతున్నవి చేత్తో ముట్టుకోకూడదు. కొన్ని థైరాట్రాన్లలో పాదరసం ఉంటుంది, జెనాన్ ట్యూబుల్లో ఉండదు. ఏదో తెలియనప్పుడు పాదరసం ఉన్నట్టే చూసుకోవాలి.

ముందు మోటారు

డ్రైవ్, అంటే మోటారుకి కరెంటు పెట్టే కొత్త పెట్టె, ఆర్డర్ పెట్టకముందే మోటారుని బయటికి తీశాం. ఎందుకంటే పాత మోటారు ఇన్సులేషన్‌లో లోపముంటే కొత్త డ్రైవ్‌లోని సెమీకండక్టర్లే ముందు బలవుతాయి. పాత ట్యూబు ఓ క్షణం షార్ట్‌ని తట్టుకుంటుంది, థైరిస్టర్ అంత ఓపిక పట్టదు.

ఇన్సులేషన్‌ని కొలిచే మెగ్గర్‌ని 500 వోల్టుల మీద పెట్టి ఆర్మేచర్ నుంచి బాడీకి కొలిస్తే 0.6 మెగాఓమ్‌లు వచ్చింది. టెన్షన్ పడాల్సిన అంకే, కానీ మోటారు చచ్చిపోయిందని కాదు. బ్రష్‌ల (ఆర్మేచర్‌కి కరెంటు అందించే కార్బన్ ముక్కల) కవర్ తీస్తే లోపల కార్బన్ పొడి, కటింగ్ ఆయిల్ ఆవిరి కలిసి నల్లటి జిడ్డుగా పేరుకుని ఉంది. బ్రష్ హోల్డర్ ఇన్సులేటర్ల మీద వేలు పెడితే వేలికి అంటుకుంది. వ్యాక్యూమ్‌తో పొడి లాగేశాం. గాలి కొట్టి లోపలికి తోయకూడదు, అది వైండింగ్ మధ్యలోకి వెళ్ళి కూర్చుంటుంది. తర్వాత ద్రావకంతో తుడిచి, 90 డిగ్రీల దగ్గర ఒక రాత్రంతా ఆరబెట్టాం. పొద్దున చల్లారాక మళ్ళీ మెగ్గర్ పెడితే 40 మెగాఓమ్‌లు. అప్పుడు డ్రైవ్ కొనొచ్చన్న నమ్మకం కుదిరింది.

బ్రష్‌లు రాసుకునే రాగి ముక్కల ఉంగరాన్ని కమ్యుటేటర్ అంటారు. దాని రంగు బాగుంది, లేత చాకొలేట్ రంగులో సమానంగా ఉంది. ఆ పొరని ఎమరీ పేపర్ పెట్టి రుద్ది మెరిపించాలని చాలామందికి చేతులు దురద పెడతాయి. ఆ పొరే బ్రష్‌లని కాపాడుతుంది, దయచేసి ముట్టుకోకండి. రాగి ముక్కల మధ్య మైకా మాత్రం రెండు చోట్ల పైకి తేలి ఉంది, దాన్ని కిందికి గీశాం. బ్రష్‌లు సగం అరిగాయి, కొత్తవి వేసి కమ్యుటేటర్ ఒంపుకి అతికేలా కూర్చోబెట్టాం. ఈ మోటారు రెండు వైపులా తిరగాలి కాబట్టి బ్రష్‌లు సరిగ్గా న్యూట్రల్ మీద, అంటే రెండు దిక్కులకీ సమానంగా పనిచేసే చోట, ఉన్నాయా లేదా అని చూశాం. మోటారు ఆగి ఉండగా ఫీల్డ్‌కి చిన్న డీసీ ఇచ్చి, తీసి, బ్రష్‌ల మధ్య మిల్లీవోల్ట్ మీటర్ ముల్లు ఎంత తన్నుతుందో చూడాలి. బ్రష్ రింగ్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ ఆ తన్ను దాదాపు సున్నా అయ్యే చోట బిగించాలి. ఇది పది నిమిషాల పని, దీన్ని వదిలేసి తర్వాత స్పార్కుల వెంట రోజులు తిరిగినవాళ్ళని చూశాను.

మొదటి ట్రయల్, పది గీతలు

కొత్త డ్రైవ్ రావడానికి వారాలు పడుతుందన్నారు. ఈలోగా మోటారు, బేరింగులు, బెల్టు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని నా దగ్గరున్న ఒక సింగిల్ ఫేజ్ ఎస్‌సీఆర్ డ్రైవ్ తాత్కాలికంగా కట్టాం. ఇలాంటి డ్రైవ్‌కి 230 వోల్టుల ఏసీ ఇస్తే ఆర్మేచర్‌కి 180 వోల్టుల డీసీ ఇస్తుంది. మన మోటారుకి 230 కావాలి. లెక్క ప్రకారం పూర్తి లోడ్ మీద 1150 తిరగాల్సిన మోటారు సుమారు 880 దగ్గరే ఆగిపోవాలి. అలాగే ఆగింది. అది ఊహించిందే.

ఊహించనిది అల్యూమినియం మీద కనిపించింది. ఆ లేత్ మీద ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మేస్త్రి గారు ఒక రౌండ్ బార్‌ని 600 స్పీడులో సన్నగా ఫినిష్ టర్నింగ్ చేశారు. వెలుతురుకి అడ్డంగా పట్టుకుని తిప్పుతూ, "ఈ మిషన్ ఇలాంటి ఫినిషింగ్ ఎప్పుడూ ఇవ్వలేదు సార్" అన్నారు. చేత్తో తడిమితే ఏమీ తెలియడం లేదు. కానీ వెలుగులో బార్ పొడవునా లేత నీడల్లాంటి పట్టీలు, స్క్రూ దారంలా కొంచెం మెలి తిరిగి ఉన్నాయి. చుట్టూ లెక్కపెడితే పది.

బేరింగ్ పోయిందా, బెల్టు కీలు తగులుతోందా అని ఒక గంట వెతికాం. అప్పుడు, "స్పీడు సగానికి తగ్గించి మళ్ళీ ఒక కట్ తీయండి మేస్త్రీ గారూ" అన్నాను. 300 దగ్గర తీస్తే పట్టీలు ఇరవై అయ్యాయి. అక్కడితో తేలిపోయింది. బేరింగ్ లోపమైతే స్పీడు మారినా చుట్టుకి వచ్చే గీతల సంఖ్య మారదు. 600 స్పీడంటే సెకనుకి 10 చుట్లు, చుట్టుకి 10 గీతలు, మొత్తం సెకనుకి 100. 300 దగ్గర సెకనుకి 5 చుట్లు, చుట్టుకి 20 గీతలు, మళ్ళీ 100. యాభై హెర్ట్జ్ సప్లై నుంచి సింగిల్ ఫేజ్ డ్రైవ్ మోటారుకి సెకనుకి 100 కరెంటు దెబ్బలు కొడుతుంది. ఆ దెబ్బలే టార్క్‌గా మారి స్పిండిల్ దాకా, అక్కడి నుంచి టూల్ మొన దాకా వచ్చాయి.

మరి పాత థైరాట్రాన్లు కూడా సెకనుకి 100 దెబ్బలే కదా కొట్టింది? అప్పుడెందుకు రాలేదు? జవాబు వర్క్‌షాప్ మూలన, మేం విప్పి పక్కన పెట్టిన సామాన్ల గుట్టలో ఉంది. ఆర్మేచర్ వైరులో సిరీస్‌గా ఒక పెద్ద ఇనప చోక్ ఉండేది, ఇద్దరు పట్టి ఎత్తాల్సినంత బరువు. డయాగ్రాంలో దాన్ని గీశాను, పక్కన "చోక్" అని రాశాను, అది ఏం పని చేస్తుందో రాయలేదు. పాత రోజుల బరువులే అనుకుని తీసేశాను. అదే రోజు దాన్ని తెచ్చి మళ్ళీ ఆర్మేచర్‌కి సిరీస్‌లో కలిపాం. కరెంటు దెబ్బల్ని నునుపు చేయడమే దాని పని. పట్టీలు పూర్తిగా పోలేదు గానీ వెతికితే తప్ప కనపడనంతగా తగ్గాయి.

ఈ అలల వల్ల ఫినిషింగ్ ఒక్కటే పాడవదు. చోక్ లేని సింగిల్ ఫేజ్ డ్రైవ్‌లో ఫారం ఫ్యాక్టర్, అంటే వేడి పుట్టించే కరెంటుకీ సగటు కరెంటుకీ ఉన్న నిష్పత్తి, 1.4 దాకా ఉంటుంది. సగటు చూపించే అమ్మీటర్ మీద 10 ఆంపియర్లు కనిపిస్తున్నా, ఆర్మేచర్ రాగి మాత్రం 14 ఆంపియర్లు పారుతున్నట్టు వేడెక్కుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి దాదాపు రెట్టింపు. మీటర్ చూసి ధైర్యంగా ఉంటే వైండింగ్ మాడుతుంది.

అసలు డ్రైవ్

అందుకని చివరికి త్రీ ఫేజ్ డిజిటల్ డీసీ డ్రైవ్ ఎంచుకున్నాం. ఏసీని డీసీగా మార్చే ఆరు పల్స్‌ల బ్రిడ్జి, రెండు వైపులా కరెంటు పారించగలిగే నాలుగు క్వాడ్రంట్ల రకం. అంటే ఎదురెదురుగా రెండు బ్రిడ్జిలు, మొత్తం పన్నెండు థైరిస్టర్లు. అలల ఫ్రీక్వెన్సీ 300 హెర్ట్జ్‌కి పెరుగుతుంది, ఎత్తు బాగా తగ్గుతుంది, ఫారం ఫ్యాక్టర్ 1.05 దగ్గరకు వస్తుంది. ముందు ఒక 5 కేవీఏ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 400 వోల్టులని 230కి దించాం. 230 వోల్టుల త్రీ ఫేజ్ నుంచి ఈ డ్రైవ్ 240 దాకా డీసీ ఇస్తుంది, మోటారుకి కావలసింది 230. ట్రాన్స్‌ఫార్మర్ వల్ల సప్లైకి విడదీత వచ్చింది, థైరిస్టర్లు మారేటప్పుడు లైన్‌లో పడే గాట్లు పక్క మెషిన్లకు పాకడం తగ్గింది. థైరిస్టర్ల కోసం వేగంగా కరిగే సెమీకండక్టర్ ఫ్యూజులు వేశాం. మామూలు ఫ్యూజు కరిగేలోపు థైరిస్టర్ పోతుంది. చోక్‌ని ఉంచేశాం. తేలిక లోడ్ మీద ఆర్మేచర్ కరెంటు మధ్యలో తెగకుండా అది సాయం చేస్తుంది.

ఫీల్డ్ సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. ఈ డ్రైవ్‌లో ఫీల్డ్‌కి విడిగా చిన్న బ్రిడ్జి ఉంది, అది వోల్టేజీని కాకుండా కరెంటుని నిలబెడుతుంది. చల్లగా ఉన్నప్పుడు మన ఫీల్డ్ 96 ఓమ్‌లు చూపించింది, వేడెక్కాక సుమారు 115 అవుతుంది. అందుకే 1 ఆంపియర్ అని సెట్ చేశాం. చవక డ్రైవ్‌లలో ఫీల్డ్ టెర్మినల్స్ దగ్గర నేరుగా 200 వోల్టులు ఉంటాయి. వాటికి 115 వోల్టుల ఫీల్డ్ కలిపితే కాసేపట్లో ఇన్సులేషన్ కాలిన వాసన వస్తుంది. లేత్ ఆగి కొన్ని నిమిషాలైతే ఫీల్డ్‌ని సగానికి తగ్గించేలా కూడా పెట్టాం. మోటారు ఊరికే వేడెక్కదు, రాత్రి తేమ కూడా పట్టదు.

వెనక్కి తిప్పితే

మొదటి రోజు స్పీడు కొలిచే ఎన్‌కోడర్ ఇంకా బిగించలేదు. ఫీల్డ్‌ని పూర్తి కరెంటు మీద ఉంచి, ఆర్మేచర్ వోల్టేజీ ఫీడ్‌బ్యాక్ మీద నడిపాం. లోడ్ పడ్డప్పుడు స్పీడు తగ్గకుండా ఐఆర్ కాంపెన్సేషన్ పెంచుకుంటూ వెళ్ళాం. ఊగిసలాట మొదలయ్యే దాకా పెంచి, అక్కడి నుంచి వెనక్కి తగ్గించడం మామూలు పద్ధతి. ముందుకి తిరిగేటప్పుడు 800 దగ్గర లోడ్ ఉన్నా లేకపోయినా 800 లాగే నిలబడింది. అందరి మొహాల్లో సంతోషం.

మేస్త్రి గారికి లోపలి థ్రెడ్‌లు భుజం దగ్గర్నుంచి బయటికి కోసే అలవాటుంది. టూల్‌ని తలకిందులుగా పెట్టి, స్పిండిల్‌ని వెనక్కి తిప్పి, చక్ నుంచి దూరంగా జరుపుతూ కోస్తారు. చక్‌ని పిన్నులతో బిగించే క్యామ్‌లాక్ స్పిండిల్ కాబట్టి వెనక్కి తిప్పినా చక్ ఊడదు. ఆయన ఒక స్టీలు బార్ బిగించి, టూల్ తిరగేసి, రివర్స్‌లో కొంచెం బరువైన కట్ వేశారు. మోటారు బరువు పట్టగానే నెమ్మదించాలి, లేదా నిలవాలి. అది వేగం పెంచింది. టాకోమీటర్ 800 నుంచి 880కి వెళ్ళింది. ఆయన వెంటనే టూల్ వెనక్కి తీసేశారు. "వెనక్కి తిప్పితే మిషన్ చెప్పిన మాట వినడం లేదు సార్. ముందుకి తిరిగేటప్పుడు కూడా ఆపితే బ్రష్‌ల దగ్గర చిటపటలు వస్తున్నాయి చూశారా?" అన్నారు.

నేను రెండో మాట సరిగ్గా వినలేదు. ఐఆర్ కాంపెన్సేషన్ ఎక్కువైందనుకుని తగ్గించాను. రివర్స్ కొంచెం బాగుపడింది, ముందుకి తిరిగేటప్పుడు స్పీడు పడిపోవడం మొదలైంది. పెంచితే ముందుకి బాగు, వెనక్కి చెడు. అలా సాయంత్రం దాకా తిప్పుతూనే ఉన్నాను. ఒకే మోటారు, ఒకే డ్రైవ్, ఒకే సెట్టింగ్. రెండు దిక్కులకీ రెండు రకాల మోటార్లలా ప్రవర్తిస్తోంది. దిక్కు మారినప్పుడు మోటారు లోపల ఏం మారుతోందని అడగాల్సింది, ఆ ప్రశ్న నాకు మర్నాడు పొద్దున తట్టింది.

టెర్మినల్ పెట్టె తెరిస్తే ఆరు వైర్లు. ఎ1, ఎ2 ఆర్మేచర్. ఎఫ్1, ఎఫ్2 షంట్ ఫీల్డ్, అంటే ఇప్పటిదాకా ఫీల్డ్ అన్న ప్రధాన చుట్ట. ఇంకా ఎస్1, ఎస్2. ఇది సిరీస్ ఫీల్డ్, షంట్ ఫీల్డ్ చుట్టలతో పాటే పోల్స్ మీద చుట్టిన కొన్ని లావు చుట్లు. లోడ్ కరెంటు అందులో పారి ఫీల్డ్‌కి కొంచెం బలం కలిపి మోటారుని స్థిరంగా ఉంచుతుంది. ఎస్1, ఎస్2 మీద మీటర్ పెట్టి, 6 ఆంపియర్ల లోడ్ మీద ముందుకి తిప్పితే ప్లస్ 0.9 వోల్టులు. వెనక్కి తిప్పితే మైనస్ 0.9.

ఆ మైనస్ గుర్తు దగ్గరే అంతా ఉంది. వెనక్కి తిరిగేటప్పుడు సిరీస్ ఫీల్డ్‌లో కరెంటు తిరగబడుతోంది, షంట్ ఫీల్డ్‌లో మాత్రం తిరగబడటం లేదు. దాంతో సిరీస్ చుట్లు ఫీల్డ్‌కి సాయం చేయడం మాని దానికి ఎదురు తిరుగుతున్నాయి. లోడ్ పెరిగేకొద్దీ ఫీల్డ్ బలహీనపడుతుంది, ఫీల్డ్ బలహీనపడితే డీసీ మోటారు వేగం పెంచుతుంది. దానికి తోడు ముందుకి తిరిగేటప్పుడు సరిపోయేలా పెంచిన ఐఆర్ కాంపెన్సేషన్ ఇంకా వోల్టేజీ ఎక్కిస్తోంది. బ్రేక్ వేసేటప్పుడు చిటపటలకీ కారణం ఇదే. నాలుగు క్వాడ్రంట్ల డ్రైవ్ ముందుకి తిరుగుతున్న మోటారుని ఆపాలన్నా ఆర్మేచర్ కరెంటునే తిరగేస్తుంది. మేస్త్రి గారు చెప్పిన రెండు ఫిర్యాదులూ ఒకే జబ్బు లక్షణాలు.

పాత డయాగ్రాం మళ్ళీ తీశాను. రివర్స్ కాంటాక్టర్ల గీతలు ఎ1, ఎ2 చుట్టూ మాత్రమే ఉన్నాయి. ఎస్1, ఎస్2 వాటి బయట, రెక్టిఫయర్ పక్కన ఉన్నాయి. అక్కడ ట్యూబుల నుంచి కరెంటు ఎప్పుడూ ఒకే వైపు పారుతుంది, దాన్ని ఆర్మేచర్‌లో తిరగేసే పని కాంటాక్టర్లది. కాబట్టి సిరీస్ ఫీల్డ్‌కి దిక్కు మారిందన్న సంగతే తెలియదు. పాత కాంటాక్టర్ మోటారుని తిప్పే దిక్కు మార్చడంతో పాటు ఈ పని కూడా చేస్తోంది. నా జాబితాలో రాయని రెండో పని ఇది. కొత్త డ్రైవ్‌లో కాంటాక్టర్ లేదు, బ్రిడ్జి నుంచే కరెంటు తిరగబడి వస్తుంది. ఆ లూప్‌లో సిరీస్ ఫీల్డ్ ఉన్నంతకాలం ఏ సెట్టింగూ దాన్ని బాగుచేయలేదు.

దారులు రెండే. సిరీస్ ఫీల్డ్‌ని ఒక డయోడ్ బ్రిడ్జి మధ్యలో పెడితే ఆర్మేచర్ కరెంటు ఎటు పారినా దానిలో ఒకే వైపు పారుతుంది. లేదా దాన్ని పూర్తిగా వదిలేసి ఉత్త షంట్ మోటారులా నడపాలి. నేను రెండోదే ఎంచుకున్నాను. స్పీడుని ఎలాగూ ఎన్‌కోడర్ పట్టుకుంటుంది, స్థిరత్వం కోసం సిరీస్ చుట్ల మీద ఆధారపడక్కర్లేదు. పూర్తి లోడ్ టార్క్‌లో కొద్ది శాతం తగ్గుతుంది, ఈ లేత్‌కి అది లెక్కలోకి రాదు. బ్రష్‌ల దగ్గర నిప్పులు రాకుండా చూసే చిన్న పోల్స్, అంటే ఇంటర్‌పోల్స్, మాత్రం ఆర్మేచర్‌తో పాటే ఉండాలి, అవి దానితో పాటే తిరగబడాలి. ఈ మోటారులో అవి లోపలే ఆర్మేచర్‌కి కలిపి ఉన్నాయి. విడిగా బయటికి వచ్చి ఉండి, వాటిని కూడా సిరీస్ ఫీల్డ్ అనుకుని విప్పేస్తే కమ్యుటేటర్ మీద నిప్పులు కురుస్తాయి.

ఎస్1, ఎస్2 విప్పి రెండింటికీ విడివిడిగా ఇన్సులేషన్ చేశాం. మేస్త్రి గారు అదే బార్, అదే టూల్, అదే కట్ వేశారు. రివర్స్‌లో 800 కొంచెం తగ్గి 790 దగ్గర నిలిచింది. ముందుకి తిప్పితే అదీ 790. రెండు దిక్కులూ ఒకటయ్యాయి. ఆపినప్పుడు బ్రష్‌ల దగ్గర చీకట్లో చూసినా సన్నటి నీలి చుక్కలు తప్ప ఏమీ లేవు.

ఎన్‌కోడర్, ఫీల్డ్ వీకెనింగ్, బ్రేక్

మోటారు వెనక షాఫ్ట్ కొసకి 1024 పల్సుల ఎన్‌కోడర్ బిగించాం. దాని దిక్కు తప్పైతే డ్రైవ్ తన స్పీడు తగ్గుతోందనుకుని ఇంకా పెంచుతుంది, మోటారు చేయి దాటిపోతుంది. అందుకే ముందు ఆర్మేచర్ ఫీడ్‌బ్యాక్ మీదే నెమ్మదిగా తిప్పి, డిస్‌ప్లేలో ఎన్‌కోడర్ గుర్తు, అంకె రెండూ సరిపోయాయని చూసుకున్నాకే దాని మీదకి మారాం. 1150 పైన ఫీల్డ్ తగ్గించాలంటే ఎన్‌కోడర్ గానీ టాకో గానీ ఉండి తీరాలి. ఫీల్డ్ మారుతుంటే ఆర్మేచర్ వోల్టేజీ స్పీడుకి కొలత కాదు. పాత నాబ్ చేసిన రెండు దశల పనిని ఇప్పుడు డ్రైవ్ తనే చేస్తుంది. పైన 3000 రాసి ఉన్నా, సిరీస్ ఫీల్డ్ తీసేశాం కాబట్టి, బేరింగుల వయసు కూడా చూసి, 2500కే పరిమితి పెట్టాను. ఫీల్డ్ కరెంటు 0.25 ఆంపియర్ల కిందికి పడితే వెంటనే ట్రిప్. ఇది ఎవరి కోసమూ తీసేయకూడని రక్షణ. ఫీల్డ్ పోయిన షంట్ మోటారు తన చక్‌ని, ఎదురుగా ఉన్న మనిషిని లెక్కచేయదు.

ఆపడం దగ్గర మరో విషయం. మామూలుగా ఆపితే డ్రైవ్ శక్తిని సప్లైలోకి తిరిగి పంపుతుంది. ఎమర్జెన్సీ స్టాప్‌ని మెషిన్ల ఎలక్ట్రికల్ భద్రతా ప్రమాణం ఐఈసీ 60204-1 చెప్పే కేటగిరీ 1గా పెట్టాం: ముందు డ్రైవ్ అదుపులో ఆపుతుంది, తర్వాత పవర్ తెగుతుంది. కానీ డ్రైవే ట్రిప్ అయితే? అందుకని డీసీ కాంటాక్టర్ పడిపోగానే దాని నార్మల్లీ క్లోజ్డ్ పోల్ ఆర్మేచర్‌ని 15 ఓమ్‌ల రెసిస్టర్ మీదకి మళ్ళిస్తుంది. 230 వోల్టుల దగ్గర మొదటి క్షణం 15 ఆంపియర్లు, అంటే రేటింగ్‌కి మూడోవంతు ఎక్కువ, కమ్యుటేటర్ ఓర్చుకుంటుంది. 200 మిల్లీమీటర్ల చక్ 1000 స్పీడులో మోసే శక్తి సుమారు 500 జూల్‌లు, వైర్‌వౌండ్ రెసిస్టర్‌కి అది తేలిక. అయితే ఈ బ్రేక్ పనిచేయాలంటే ఫీల్డ్ ఉండాలి. డ్రైవ్ ట్రిప్ అయినా తెగకుండా, చక్ ఆగేదాకా ఫీల్డ్ నిలబడేలా దానికి విడిగా సప్లై ఇచ్చాం. బయటి కరెంటే పోతే మాత్రం ఈ బ్రేక్ ఉండదు, స్పిండిల్ తనంతట తనే ఆగాలి. ఆ సంగతి మేస్త్రి గారికి ఎదురుగా మెయిన్ తీసి చూపించాను. కాంటాక్టర్ కూడా డీసీ రేటింగ్ ఉన్నదే వాడాం. ఏసీలా డీసీ సున్నా దాటదు, మామూలు ఏసీ కాంటాక్టర్‌లో ఆర్క్ ఆరదు.

తక్కువ స్పీడులో ఎక్కువసేపు బరువైన పని చేస్తే మోటారు సొంత ఫ్యాన్ సరిపోదు. వెనక ఒక చిన్న బ్లోయర్, ఫీల్డ్ చుట్ట మీద ఒక థర్మోస్టాట్ పెట్టి దాన్ని డ్రైవ్ ట్రిప్‌కి కలిపాం.

చివరి కొలతలు ఇవి. 400 దగ్గర తేలిక లోడ్ నుంచి పూర్తి లోడ్‌కి వెళ్ళినప్పుడు స్పీడు మార్పు 2 ఆర్‌పీఎం లోపే, రెండు దిక్కుల్లోనూ. 600 దగ్గర అల్యూమినియం బార్ మీద మేస్త్రి గారు కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి వెతికినా పట్టీలు కనపడలేదు. ఆరు నెలల తర్వాత వెళ్ళి బ్రష్‌లు కొలిస్తే ఒక మిల్లీమీటర్ కూడా అరగలేదు, కమ్యుటేటర్ రంగు అలాగే ఉంది. పాత ట్యూబులని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచి యజమానికి ఇచ్చాను, ఇంకా పాత డ్రైవ్‌తోనే నడుస్తున్న వాళ్ళకి పనికొస్తాయి.

కొత్త డయాగ్రాం క్యాబినెట్ తలుపు లోపల అతికించి ఉంది, ఈసారి ప్రతి వస్తువు పక్కన అది చేసే పని రాసి ఉంది. మోటారు టెర్మినల్ పెట్టె మూతకి లోపలి వైపు ఒక రేకు ముక్క రివెట్ చేశాం. దాని మీద పంచ్‌తో కొట్టిన మాటలు: "ఎస్1, ఎస్2 సిరీస్ ఫీల్డ్. కావాలనే విప్పాం. ఈ డ్రైవ్‌తో కలపొద్దు, రివర్స్‌లో స్పీడు పెరుగుతుంది."